తోక తెగిన వాక్యం

మా మామకు ధర్మవరంలో ఫొటో స్టూడియో ఉంది. ఇంటర్ పరీక్షలు రాసిన వేసవి నుంచి డిగ్రీ అయ్యేదాకా సెలవులొస్తే నా మకాం అక్కడే. మొదట ఆల్బమ్‌కు ఫొటోలు ఏరే పని ఇచ్చాడు. మరుసటి ఏడాది ఎడియస్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టాడు. పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసేవాళ్లకు ఎడియస్ గురించి చెప్పనక్కర్లేదు. హార్డ్ డిస్కులో రెడీమేడ్ ప్రాజెక్టులు ఉంటాయి. పాట ఎంచుకుని, ఖాళీ గళ్లలో పెళ్లికూతురు, పెళ్లికొడుకు క్లిప్పులు పడేస్తే చాలు, గులాబీ రేకులు రాలతాయి, లవ్ గుర్తులు గిర్రున తిరుగుతాయి, వెనకాల మంచుకొండలు వచ్చేస్తాయి. అనంతపురం దాటి ఎరగని జంట కూడా మూడు నిమిషాల్లో స్విట్జర్లాండ్ చూసొచ్చేది. సీజన్‌లో రోజుకో పెళ్లి తేల్చేదాన్ని.

హైదరాబాద్‌లో ఎంఏ కమ్యూనికేషన్‌లో చేరినప్పుడు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా బ్యాచ్‌లో ఇరాన్ సినిమాలు, ఫ్రెంచ్ సినిమాలు చూసొచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల మధ్య పెళ్లి క్యాసెట్ల అమ్మాయినని చెప్పుకోవడం నామోషీగా అనిపించింది.

రెండో సెమిస్టర్ మీడియా థియరీ పేపర్‌లో ఒక యూనిట్ మొత్తం పోస్ట్‌మాడర్నిజమే. తెలుగులో ఆధునికోత్తరవాదం అంటారు. ఏ పేరుతో పిలిచినా నాకు మొదటి రెండు వారాలు ఒక్క ముక్క ఎక్కలేదు. అమెరికన్ విమర్శకుడు ఫ్రెడరిక్ జేమ్సన్ దాని మీద 1984లో రాసిన వ్యాసం జిరాక్స్ చేతికిచ్చారు. డిగ్రీ దాకా తెలుగు మీడియం చదివినదాన్ని. ఒక్కో వాక్యం అరపేజీ ఉండేది, చివరికి వచ్చేసరికి మొదలేమిటో మర్చిపోయేదాన్ని. పేజీ అంచుల్లో పెన్సిల్‌తో తెలుగు మాటలు రాసుకుంటూ వెళ్లాను. ‘పాస్టీష్’ దగ్గర మొదట ‘కలగూరగంప’ అని రాశాను. వారం తర్వాత అది కొట్టేసి ‘వెక్కిరింత లేని అనుకరణ’ అని రాశాను. ఎవరినైనా అనుకరిస్తే వెనక ఒక ఎగతాళి ఉంటుంది, అది పేరడీ. ఆ ఎగతాళి కూడా ఎండిపోయి, పాత శైలుల్ని ఉత్తినే తొడుక్కుని తిరగడం పాస్టీష్. నేను ఆ జిరాక్స్ మీద తల వాల్చి ఆలోచిస్తుంటే కళ్ల ముందుకు వచ్చింది మా స్టూడియో హార్డ్ డిస్కు. మంచుకొండలు, గులాబీ రేకులు, ఎవరిదో సినిమాలోని డ్యూయెట్, మధ్యలో కదిరి జంట. అందులో ఎవరి మీదా వెక్కిరింత లేదు.

థియరీ సార్ పాఠం కంటే ప్రశ్నలు ఎక్కువ వేసేవారు. ఒకరోజు బోర్డు మీద బ్రహ్మానందం ముఖం వేసి చూపించారు, అందరం రోజూ వాట్సాప్‌లో పంపుకునేదే. "ఇది ఏ సినిమా? ఏ సీన్? ఎవరిని చూసి ఆ ముఖం పెట్టాడు?" అని అడిగారు. నలభై మందిలో ఇద్దరు చెప్పారు. మిగతా అందరికీ ఆ ముఖానికి అర్థం తెలుసు, సినిమా మాత్రం తెలీదు. ముఖం సినిమాలోంచి ఊడొచ్చి తన బతుకు తాను బతుకుతోంది. అదయ్యాక సార్ ఫ్రెంచ్ తత్వవేత్త బోద్రియార్ పేరెత్తారు కాబట్టి సరిపోయింది. ముందే ఎత్తి ఉంటే ఆ రోజు కూడా నిద్రే.

బోద్రియార్ 1981లో రాసిన పుస్తకం మీద సెమినార్ నా వంతుకు వచ్చింది. బొమ్మ మొదట్లో అసలుకు అద్దంలా ఉంటుంది, తర్వాత అసలును వంకర చేస్తుంది, ఆ తర్వాత అసలు లేదన్న సంగతిని దాచిపెడుతుంది, చివరికి అసలుతో పనే లేకుండా పోతుంది. ఇంతవరకు పుస్తకం. ఉదాహరణ కావాలి కదా. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయ్‌లో పోయినప్పుడు, ఆమె ఎలా పోయి ఉంటుందో చూపించడానికి మన తెలుగు న్యూస్ ఛానెల్ రిపోర్టర్ ఒకాయన బాత్‌టబ్‌లో పడుకున్నాడు. అది చూపించాను. క్లాసంతా నవ్వింది. నవ్వాక నాకే ఒక మాట నోరు జారింది. "మా మామ కూడా ఇదే చేస్తాడు సార్." ఏం చేస్తాడన్నారు సార్. ఇక దాచలేక చెప్పేశాను.

పెళ్లిలో తలంబ్రాలు ఎన్నిసార్లు పోస్తారో చూశారా? పంతులుగారి లెక్కలో ఒకసారి. తర్వాత స్లో మోషన్ కెమెరాకు ఒకసారి, పైన డ్రోన్ నిలబడ్డాక మరోసారి. "అన్నా, నవ్వుతూ పొయ్యండి, ఇంకోసారి" అని మా మామ అరుస్తుంటాడు. జీలకర్ర బెల్లం ముహూర్తానికే పెట్టినా, ముఖాలు కెమెరా వైపు తిరిగేదాకా ఆ చేయి తల మీదే ఉండాలి. మిక్సింగ్‌లో నేను వాడేది రెండోసారి పోసిన తలంబ్రాలే. మొదటిసారి పోసినవాటిలో ఎవరో ముసలాయన వీపు అడ్డం ఉంటుంది. ఇరవయ్యేళ్ల తర్వాత వాళ్ల పిల్లలు చూసి మా అమ్మానాన్నల పెళ్లి అనుకునేది ఆ రెండోదాన్నే. సార్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నువ్వు ఇక్కడికి రాకముందే ఈ పేపర్ రాసేశావు" అన్నారు. ఆ రోజు హాస్టల్‌కు నడిచి వెళ్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు.

థియరీలో దొరికిన ఆ గౌరవం ఎడిటింగ్ ల్యాబ్‌లో మూడు రోజుల్లో దిగిపోయింది. అక్కడ వాడేది ప్రీమియర్ ప్రో అనే వేరే సాఫ్ట్‌వేర్. ఎడియస్ చేతులకు షార్ట్‌కట్లు మార్చుకోవడానికి రెండు రోజులు పట్టింది, తర్వాత క్లాసులో అందరికంటే నేనే వేగం. ల్యాబ్‌కు వచ్చే గెస్ట్ ఫ్యాకల్టీ పాతకాలం ఎడిటర్, ఫిల్మ్ కోసినవారు. నా మొదటి ఎక్సర్‌సైజ్ చూసి, "చెయ్యి భలే పరిగెడుతోందమ్మా, కన్నే వెనకబడింది" అన్నారు. రెండు నిమిషాల వీడియోలో నేను షాటుకూ షాటుకూ మధ్య పదకొండు రకాల ట్రాన్సిషన్ ఎఫెక్టులు వాడాను. అన్నీ తీయించేశారు. వట్టి కట్‌తో నడవని సీన్ దేంతోనూ నడవదన్నది ఆయన పట్టుదల.

ఫిల్మ్ రోజులు చెప్పేవారు. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. చైనా మార్కర్‌తో గీత పెట్టి, స్ప్లైసర్ మీద పెట్టి కోసి, టేపుతో అతికించేవారట. తప్పు కోస్తే ఆ ముక్క ఎక్కడ పడిందో వెతుక్కోవాలి. అందుకని కోసే ముందు నాలుగుసార్లు చూసేవారు. మాకు ఒక వారం కంట్రోల్ జెడ్, అంటే చేసినదాన్ని వెనక్కి తీసుకునే మీట, నొక్కకూడదని నియమం పెట్టారు. నొక్కితే పక్కవాళ్లు రాసి ఇవ్వాలి. మొదటి రోజు నా ఖాతాలో ముప్పైకి పైగా. వారం చివరికి ఏడు. అంత తక్కువకు రావడానికి కారణం నైపుణ్యమేం కాదు, భయం. భయంతోనైనా కట్ పెట్టే చోటును రెండుసార్లు చూడటం అలవాటైంది.

కులెషోవ్ ఎక్సర్‌సైజ్ మాత్రం సరదాగా గడిచింది. సుమారు వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఒక స్త్రీ పక్కన అతికించి చూపిస్తే, జనం ఆకలి, దుఃఖం, కోరిక ఎంత బాగా నటించాడో అన్నారట. ముఖం మాత్రం ఒక్కటే. నేను మా హాస్టల్ వాచ్‌మన్ తాతను కూర్చోబెట్టి, "ఏమీ ఆలోచించకుండా అటు చూడు తాతా" అని పది సెకన్లు తీశాను. దాని పక్కన మెస్ పప్పు గిన్నె ఒకసారి, ఫెయిలైన మార్కుల షీట్ ఒకసారి, గేటు బయట కుక్కపిల్ల ఒకసారి. మెస్ పప్పు చూసినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన విరక్తికి చప్పట్లు కొట్టారు. ఆయన్ను పిలిచి చూపిస్తే, "నేనప్పుడు బీడీ గురించి ఆలోచిస్తున్న" అన్నాడు.

వాల్టర్ మర్చ్ అనే ఎడిటర్ కట్‌కు ఆరు కొలతలు పెట్టి, అందులో భావోద్వేగానికి 51 శాతం ఇచ్చాడు. పరీక్షకు బట్టీ పట్టాను. ఆ ఒక్క శాతం ఎక్కడ తూచాడో ఇప్పటికీ నవ్వొస్తుంది గానీ, కట్ ఎక్కడ పెట్టాలో తేలక రాత్రి రెండింటికి కూర్చున్నప్పుడు, ఎవరి కనురెప్ప ఎప్పుడు పడుతోందో చూడు అన్న ఆయన సలహానే అక్కరకొచ్చింది.

నాలుగో సెమిస్టర్‌లో ప్రాజెక్టు, పన్నెండు నిమిషాల డాక్యుమెంటరీ. మా ధర్మవరానికి దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. మేకతోలును శుభ్రం చేసి, ఆరబెట్టి, బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి నగలు మెరుస్తాయి. ఒకప్పుడు ఆముదం దీపాలు, ఇప్పుడు బల్బులు. రామాయణం జరుగుతుండగా మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపాత్రలు దూరి, ఊళ్లో కరెంటు పోవడం దగ్గర్నుంచి సర్పంచి దాకా అందరినీ ఏకుతారు. కథ తనను తానే ఆపుకుని ప్రేక్షకుడితో మాట్లాడటం పోస్ట్‌మాడర్న్ లక్షణమని నోట్సులో రాసుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది కేతిగాడే. పరీక్షలో ఆ ఉదాహరణ రాసి, ఇది మనకు ముందునుంచే ఉంది అని గొప్పగా ముగించాను. ఆ జవాబు ఇప్పుడు చదివితే కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. కేతిగాడిని ఆడించేవాళ్లకు ఆ పేరుతో పనేముంది?

సంక్రాంతి సెలవుల్లో షూటింగ్. ఫోన్‌తో వీడియో, విడిగా రికార్డర్‌లో ఆడియో. క్లాప్ బోర్డు లేదు, చేత్తో చప్పట్లు కొట్టి ఆ శబ్దాన్ని వీడియోతో కలుపుకోవచ్చనుకున్నాను. మొదటి రెండు నిమిషాలు కలిసింది. పదిహేనో నిమిషానికి, నేను ఇంటర్వ్యూ చేసిన బొమ్మలాట తాత పెదవులు ఒకటి అంటుంటే మాట ఇంకొకటి వినిపిస్తోంది. ఆడియోను జరిపితే మొదలు చెడుతుంది, వదిలేస్తే చివర చెడుతుంది. రెండు రాత్రులు ఆడియోను ముక్కలు చేసి పెదవులకు అతికించుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు సీనియర్ ఒకాయన చూసి చెప్పాడు. ఫోన్ వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తీసే ఫ్రేముల లెక్క, మార్చేసుకుంటుంది, ఎడిటింగ్ టైమ్‌లైన్ మాత్రం సెకనుకు ఖచ్చితంగా 25 ఫ్రేములనుకుంటుంది. ఫుటేజ్ మొత్తాన్ని హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేటుకు మార్చి, మార్కింగులన్నీ మొదట్నుంచి పెట్టుకున్నాను. టెన్షన్‌తో ఆ వారం రెండు కిలోలు తగ్గాను. ఇప్పుడు షూటింగ్ నుంచి రాగానే నేను చేసే మొదటి పని అది.

అసలు సంగతి సాంకేతికం కాదు. ఆ తాత ఇంటర్వ్యూలో ఇలా అన్నాడు: "బొమ్మలాట సచ్చిపోయిందంటారు మీరంతా. యాడ సచ్చింది? నేను లేనా? నా పిల్లోళ్లు తోలుతో లాంప్ షేడ్లు చేసి ఢిల్లీ దాకా పోయి అమ్ముకోని వస్తాండారు."

నా సినిమా బొమ్మలాట చచ్చిపోతోందన్న బాధ మీద కట్టుకున్నాను. స్క్రిప్ట్ హైదరాబాద్‌లో రాసుకునే వెళ్లాను. ఆ బాధ ఆయన నోట రావాలి. ఫుటేజ్ అంతా వెతికితే ఆ మాట ఉన్నది ఈ ఒక్క చోటే.

తెలుగు వాక్యానికి తోకలో ఉంటుంది ప్రాణం. ‘లేదు’ చివరే వస్తుంది, ‘అంటారు’ చివరే వస్తుంది, ‘అనుకోకు’ చివరే వస్తుంది. తోక కోస్తే వాక్యం ఎదురు తిరుగుతుంది. అయితే సంధి ఒకటి అడ్డం వచ్చింది. ‘సచ్చిపోయిందంటారు’ అన్నదాంట్లో ‘సచ్చిపోయింది’ విడిగా లేదు. ‘ద’ దగ్గర కోస్తే ఆ శబ్దం గాలిలో వేలాడుతోంది. ఒక్క ఫ్రేమ్ అంటే 40 మిల్లీసెకన్లు, అంత దూరం ఇటు జరిపినా ‘ద’ పోతోంది, అటు జరిపినా ‘అం’ వినిపిస్తోంది. టైమ్‌లైన్‌ను ఆడియో యూనిట్లలోకి మార్చి, ఫ్రేమ్‌కంటే చిన్న చోట కోశాను. ఆ తెగిన చోట ఉలి మీద సుత్తి దెబ్బ, టక్ మని ఒక్కటి పెట్టాను. వీడియోలో తాత ముఖం తీసేసి, తోలు మీద చిల్లులు కొడుతున్న చేతులు వేశాను. కట్ కనపడదు, వినపడదు. "బొమ్మలాట సచ్చిపోయింద", టక్. తర్వాత రెండు సెకన్ల నిశ్శబ్దం, టైటిల్. నా జీవితంలో అంత శుభ్రమైన కట్ అంతకు ముందు వేయలేదు. వేసినందుకు మురిసిపోయి రాత్రి ఒంటిగంటకు టీ తాగడానికి బయటికి వెళ్లాను.

మార్చిలో సినిమా మొదటి కట్ క్లాసులో వేశారు. ఓపెనింగ్ అదిరిందన్నారు. ‘ద’తో ముగియడం అనంతపురం యాస కాబోలనుకున్నారు. ఎడిటింగ్ సార్ మాత్రం, "ఆ ఉలి దెబ్బ ఎందుకు పెట్టావు?" అని అడిగారు. రిథమ్ కోసం సార్ అన్నాను. ఆయన నా ముఖం ఒక్క క్షణం చూసి తర్వాతి సినిమాకు వెళ్లిపోయారు.

ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ తీసుకుని నిమ్మలకుంట వెళ్లాను. ఇంటిల్లిపాది మంచం చుట్టూ చేరారు. మొదటి మాట వినగానే తాత చెయ్యెత్తి ఆపమన్నాడు.

"యీ మాట నేనెప్పుడంటి పాపా?"

పక్కనున్న మనవడు, "అన్న్యావు కదా తాతా, నీ గొంతే" అన్నాడు. తాత మళ్లీ వేయమన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. పాటలు పాడి బొమ్మలు ఆడించిన మనిషి, చెవి అలాంటిది. "గొంతు నాదే. ‘అంటారు మీరంతా’ అని గదా నేనంటి. ఆ ‘అంటారు’ యాడికి పాయ?"

రెండేళ్లు చదివిన చదువులో నా దగ్గర జవాబులు ఉన్నాయి. రికార్డయిన క్షణం నుంచి మాట పలికినవాడిది కాదనొచ్చు. ఏ ఎడిటింగూ నిష్పాక్షికం కాదనొచ్చు, ప్రాజెక్టు రిపోర్టులో ఆ వాక్యం రాశాను కూడా. ఆ మంచం మీద కూర్చుని అవేవీ నోటికి రాలేదు. "కోసేశాను తాతా" అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. "మా ఇంటికి లాంప్ షేడ్లు కొననీక వచ్చేటోళ్లు దీన్ని జూస్తే, ముసలోడు సచ్చినాడనుకుంటారు గదమ్మా" అన్నాడు. ఆయన ఇబ్బంది అదీ. నా సినిమా ఆయన వ్యాపారానికి చేటు.

తీసేస్తానన్నాను. తీసేయడమెందుకు, కేతిగాడితో అడిగిస్తే బాగుంటుందన్నాడు. లోపలికి వెళ్లి బొమ్మ తెచ్చాడు, గోడకు తెర కట్టించాడు. ఫోన్ పెట్టాను. కేతిగాడు ఎగిరి దూకి, చేతులాడిస్తూ కీచుగొంతుతో, "ఏమే పట్నం పిల్లా, మా తాత ‘అంటారు’ యాడికి పాయనే?" అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. వెలుతురు చాల్లేదు, బొమ్మ నీడ సగం తెగింది. "తాతా, ఇంకొక్కసారి" అన్నాను. అన్నాక నా గొంతు నాకే వినపడింది. తలంబ్రాలప్పుడు మా మామ గొంతు అచ్చం అలాగే ఉంటుంది.

ఏప్రిల్‌లో ఇచ్చిన కట్‌లో నా పాత ఓపెనింగ్ అలాగే ఉంచి, టైటిల్ పడబోతుండగా కేతిగాడిని దూకించాను. సగం తెగిన నీడ షాట్ ఒకటి, "ఇంకొక్కసారి" అన్న నా గొంతు, ఆ తర్వాత బాగా వచ్చిన రెండోది, మూడూ ఉంచేశాను. చివర తాత పూర్తి వాక్యం, పైన వేరే షాట్లేమీ కప్పకుండా, ముఖం కనిపించేలా. మార్కులు ఓపెనింగ్‌కు తగ్గాయి, మొత్తం మీద సరిపోయాయి. ఎడిటింగ్ సార్ మాత్రం ఉలి దెబ్బ గురించి ఈసారి అడగలేదు.

సినిమా పెన్‌డ్రైవ్‌లో వేసి తాత మనవడికి ఇచ్చాను. పది రోజులకు వాడి వాట్సాప్ స్టేటస్‌లో ముప్పై సెకన్ల ముక్క కనిపించింది. కేతిగాడు, లాంప్ షేడ్లు, కింద ఫోన్ నంబరు, వెనక ఏదో సినిమా బీజీఎం, చుట్టూ గులాబీ రేకులు. మా మామ స్టూడియోలో చేయించాడట. నా షాట్లను అడ్డదిడ్డంగా కోసేశారు, రంగులు మార్చేశారు. నేను మాత్రం ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని తాత వాక్యం చివరిదాకా విన్నాను. ‘అంటారు’ ఉంది.